బ్లూ పాంథర్ కెరీర్‌లో గొప్ప మ్యాచ్ ఏది? 1992ది కాదంటాను

లగూనా_ముడి (చర్చ మొదలుపెట్టినవారు)

నెల రోజుల నుంచి రాత్రి భోజనాలయ్యాక రోజుకొకటి చొప్పున బ్లూ పాంథర్ పాత మ్యాచ్‌లు చూస్తున్నాను. లూచా లీబ్రే, అంటే మెక్సికో మాస్కుల రెజ్లింగ్, ఇష్టమున్న మనవాళ్ళలో ఎవరిని అడిగినా ఆయన గొప్ప మ్యాచ్ గురించి ఒకటే జవాబు: 1992, లవ్ మెషీన్‌తో ఆడిన మాస్క్ పందెం, అంటే ఓడినవాడు మాస్క్ తీసెయ్యాల్సిన మ్యాచ్. నేనూ ఇన్నేళ్ళు అదే అన్నాను. ఇప్పుడు వరసగా చూశాక ఆ మాట అనలేకపోతున్నాను.

కొత్తవాళ్ళ కోసం కొంచెం చెప్తాను. బ్లూ పాంథర్ 1960 సెప్టెంబర్ 18న పుట్టాడు. ఊరు మెక్సికో ఉత్తరాన దురాంగో రాష్ట్రంలోని గోమెజ్ పలాసియో. తొర్రెయోన్, గోమెజ్ పలాసియో, లెర్దో ఊళ్ళున్న ఆ ప్రాంతాన్ని లగూనా అంటారు, ఒకప్పుడు పత్తికి పేరున్న నేల. 1978లో రింగ్‌లోకి వచ్చాడు. చాలాకాలం రూడో, అంటే జనం తిట్టే పక్షం. అయినా ఆయన్ని తిట్టేవాళ్ళే "మాయెస్త్రో లగునేరో" అని కూడా పిలిచారు. లగూనా మాస్టారు అన్నమాట. తిడుతూనే మాస్టారని పిలిపించుకున్న రూడోలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది ఉంటారు.

ఆయన బలం ఎగరడంలో లేదు, పట్లలో ఉంది. ఎదుటివాడి మణికట్టు చేతికి చిక్కిందంటే అక్కడి నుంచి మోచెయ్యి, మోచెయ్యి నుంచి భుజం, ఎదుటివాడు తప్పించుకోవడానికి తిరిగేసరికి కాలు కూడా చిక్కిపోతుంది. ఆయన పేరు మీదే ఒక పట్టుంది, "నూదో లగునేరో", లగూనా ముడి. నా పేరు అక్కడి నుంచి తీసుకున్నదే.

నా లెక్క ఇది. మొదటి స్థానం 1991లో అట్లాంటిస్ అనే మెక్సికో రెజ్లర్‌తో బెల్టు కోసం ఆడిన టైటిల్ మ్యాచ్‌ది. రెండోది 2024లో అమెరికా రెజ్లర్ బ్రయాన్ డేనియెల్సన్‌తో ఆడినది. మాస్క్ పందేలు రెండూ, అంటే 1992, 2008, వాటి తర్వాతే. పందెం మ్యాచ్‌లో టెన్షన్ అంతా పందెం నుంచి వస్తుంది. అక్కడ ఎవరు ఆడినా అరేనా ఊగిపోతుంది. పందెం లేకుండా చూసేవాణ్ణి కదలకుండా కూర్చోబెట్టింది పాంథర్ సొంత పనితనం. ఆయన కెరీర్‌ని కొలవాలంటే దానితోనే కొలవాలి.

---

మాస్క్_మనిషి

అన్నా, నీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇది పొరపాటు. పందెం నుంచి టెన్షన్ వస్తుందని మార్కులు తగ్గిస్తే లూచా లీబ్రేలో ఇంకేం మిగులుతుంది? అమెరికా రెజ్లింగ్‌లో బెల్టు ఎంతో అక్కడ మాస్క్ అంత. బెల్టు పోతే మళ్ళీ గెలుచుకోవచ్చు. మాస్క్ పోతే ఓడినవాడు రింగ్ మధ్యలో నిలబడి, లేసులు విప్పి, సొంత పేరు, పుట్టిన ఊరు, ఎన్నేళ్ళ నుంచి ఆడుతున్నాడో అందరికీ చెప్పాలి. మర్నాడు పేపర్లో ముఖం వస్తుంది.

1992 ఏప్రిల్ 3, శుక్రవారం, మెక్సికో సిటీలోని అరేనా మెహికో. లోపల ఇసకేస్తే రాలనంత జనం. లవ్ మెషీన్ అంటే ఆర్ట్ బార్, అమెరికాలో ఆరెగాన్ నుంచి వచ్చిన కుర్రాడు. తెల్లవాడైనా మెక్సికో జనం వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. వాడు టెక్నికో, అంటే జనం మెచ్చే పక్షం, పాంథర్ రూడో. మూడు ఫాల్స్‌లో, అంటే మూడు రౌండ్లలో, చెరొకటి గెలిచారు. మూడో ఫాల్‌లో లవ్ మెషీన్ పాంథర్‌ని తలకిందులుగా ఎత్తి మార్తినేతే వేశాడు. తల నేలకి కొట్టుకునేలా దించే దెబ్బ అది. మెక్సికోలో ఆ దెబ్బ నిషిద్ధం, మెడ విరిగే ప్రమాదం ఉంది కాబట్టి. రెఫరీ వాణ్ణి డిస్‌క్వాలిఫై చేశాడు.

ఒక్కసారి ఆలోచించు. కింద పడినవాడు గెలిచాడు. దెబ్బ వేసి నిలబడినవాడు మాస్క్ తీశాడు. జనం ప్రేమించినవాడే కోపంలో నియమం తప్పి అన్నీ పోగొట్టుకున్నాడు. ఇంతకంటే గొప్ప కథ ఏ టైటిల్ మ్యాచ్ చెప్పింది?

---

లగూనా_ముడి

కథ గొప్పదే తమ్ముడూ, కాదనను. కానీ అది ఎవరి కథ? లవ్ మెషీన్ కథ. మాస్క్ పోయింది అతనిది, జనం గుండె పగిలింది అతని కోసం. ఆ ఓటమితోనే అతను ఇంకా పెద్దవాడయ్యాడు. తర్వాత ఎడ్డీ గెర్రెరోతో కలిసి ట్రిపుల్ ఏ అనే ఇంకో కంపెనీలో జనానికి ఒళ్ళుమండించే జోడీ అయ్యాడు. 1994 నవంబర్‌లో లాస్ ఏంజలెస్‌లో వాళ్ళిద్దరూ ఎల్ ఇహో దెల్ సాంతో, ఒక్తగోన్‌ల మీద జుట్టు పందెం (ఓడితే గుండే) ఓడిన మ్యాచ్ ఇప్పటికీ అందరికీ గుర్తే. అదే నెలలో ఆర్ట్ బార్ చనిపోయాడు. ఇప్పుడు 1992 మ్యాచ్ చూస్తే ఆ బాధంతా వెనక్కి వచ్చి అందులో కలుస్తుంది. నేను అడుగుతున్నది పాంథర్ గొప్ప మ్యాచ్ ఏదని. 1992లో పాంథర్ స్థానంలో ఇంకో మంచి రూడో ఉన్నా ఆ రాత్రి దాదాపు అలాగే ఉండేది. 1991 మ్యాచ్‌లో పాంథర్‌ని తీసేస్తే ఇంకేమీ మిగలదు.

---

పహిల్వాన్_మనవడు

మా తాత హైదరాబాద్ పాతబస్తీలో తాలీంకి, అంటే కుస్తీ నేర్పే చోటికి, పోయేవాడు. నాకు కుస్తీ రాదు, ఆయన పక్కన కూర్చుని చూడటమే వచ్చు. చూసేటప్పుడు ఆయన పైనున్నవాణ్ణి చూడనిచ్చేవాడు కాదు. "కిందున్నోని తుంటి చూడు, ఎటు తిప్పుతడో ఆటే ఆట" అనేవాడు. పాంథర్‌ని చూసిన మొదటిరోజే నాకు ఆ మాట గుర్తొచ్చింది. చాలామంది చేతులతో పట్టు వేస్తారు, ఆయన తుంటితో వేస్తాడు. ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో ముందు చూసుకుంటాడు, ఆ తర్వాతే చెయ్యి పడుతుంది.

స్పానిష్‌లో పట్టుని "యావే" అంటారు, తాళంచెవి అని అర్థం. పట్టు విడిపించుకుని ఎదురు పట్టు వేస్తే "కోంత్రయావే". మనం "ఉడుంపట్టు" అంటాం, అంటే వదలకపోవడమే గొప్ప. వాళ్ళు తాళంచెవి అన్నారంటే తెరవడం కూడా అందులోనే ఉందన్నమాట. పాంథర్‌లో నాకు నచ్చేది ఆ రెండోదే. తన పట్టులోంచి ఎదుటివాడు బయటికి వచ్చే దారి కూడా ఆయనే చూపిస్తాడు. వాడు ఆ దారిన వచ్చేసరికి అక్కడ ఇంకో పట్టు కాచుకుని ఉంటుంది.

లగూనా_ముడి అన్న చెప్పినదానికి ఒకటి కలపాలి. టైటిల్ మ్యాచ్‌కి ఒక మర్యాద ఉంది. మామూలు రోజుల్లో రూడో మాస్క్ చింపుతాడు, రెఫరీ చూడకుండా కింద తంతాడు. బెల్టు కోసం ఆడేటప్పుడు ఆ రూడోనే శుభ్రంగా ఆడతాడు. మొదటి ఫాల్ ఎక్కువగా నేల మీదే, నెమ్మదిగా, ఎవరి పట్టు ఎంతో తేల్చుకోవడానికి. అంటే రూడోకి తన అలవాటు ఆయుధాలేవీ చేతిలో ఉండవు. మనిషికి నిజంగా పని వచ్చో రాదో ఆ రోజు తెలిసిపోతుంది. 1991లో అట్లాంటిస్ ముందు పాంథర్ ఆ పరీక్షకే కూర్చున్నాడు. గుయాదలహారా గురువు దియాబ్లో వెలాస్కో దగ్గర నేర్చుకున్నవాడు అట్లాంటిస్. ఇద్దరికీ పని వచ్చు, కాబట్టి ఎవరూ ఎవరి కోసం ఆగనక్కర్లేదు.

నా ఓటు 1991కే.

---

రాజమండ్రి_రవి

నేను కొత్త. ఒక సందేహం, ఎవరూ కోప్పడకండి. ఫలితం ముందే అనుకుంటారు కదా? మరి ఎవరు గెలిచారు, ఎలా గెలిచారు అని ఇంతలా ఎందుకు కొట్టుకుంటున్నారు?

---

మాస్క్_మనిషి

కోపం ఎందుకు రవీ, మంచి ప్రశ్నే. ఫలితం ముందే అనుకుంటారు, నిజమే. కానీ పోయేది నిజంగానే పోతుంది. ముప్ఫై ఏళ్ళు తన ముఖం ఎవరికీ చూపకుండా పనిచేసినవాడు ఆ రోజు నుంచి ముఖంతో తిరగాలి. మాస్క్ ఉన్నప్పుడు చేతికొచ్చే పందేల డబ్బు, పోస్టర్ మీద స్థానం, అన్నీ మారిపోతాయి. అందుకే ఆ మ్యాచ్‌కి ఒప్పుకోవడమే పెద్ద నిర్ణయం. అది అబద్ధం కాదు.

---

రాధిక_డాలస్

చాలాకాలంగా చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చ చూశాక ఉండబట్టలేకపోయాను.

మేము డాలస్‌లో ఉంటాం. 2023లో పిల్లాడి సెలవులకి మెక్సికో సిటీ వెళ్ళాం. ఆదివారం సాయంత్రం అరేనా మెహికోకి తీసుకెళ్ళాం. దొక్తోరెస్ అనే పేటలో ఉంటుంది అది. అక్కడ వీధులన్నింటికీ డాక్టర్ల పేర్లే, అరేనా ఉన్నది డాక్టర్ లవిస్తా వీధి. 1956లో కట్టిన భవనం, బయటి నుంచి చూస్తే పాత సినిమా హాల్లా ఉంటుంది. లోపలికి వెళ్తే పదహారువేల మందికి పైగా పడతారు. వీధి పొడుగునా మాస్కుల బండ్లు. మావాడు నీలం మాస్క్ ఒకటి చేతిలోకి తీసుకుని వదల్లేదు. బండి ఆయన వెనక లేసులు ఎలా బిగించాలో, దవడ కింద ఎంత వదులు ఉంచాలో వాడి తల మీదే చూపించాడు. బిగిస్తే ఊపిరి ఆడదట, వదులైతే కళ్ళ రంధ్రాలు జారిపోతాయట. ఇంటికొచ్చాక నేను ఎన్నిసార్లు కట్టినా ఆయన కట్టినట్టు రాలేదు.

ఆ రోజు ఒక మ్యాచ్ అయ్యాక జనం రింగ్‌లోకి నాణేలు విసిరారు. మొదట గొడవేమో అనుకుని పిల్లాణ్ణి దగ్గరికి లాక్కున్నాను. పక్కసీటు పెద్దావిడ నవ్వి, తన పర్సులోంచి రెండు నాణేలు తీసి మావాడి చేతిలో పెట్టి, విసరమని సైగ చేసింది. మ్యాచ్ అంత బాగుంటేనే అలా వేస్తారట. కుర్రాళ్ళు చెమటలు కక్కుతూ వంగి ఆ నాణేలు ఏరుకుంటుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు అసలు మాట. మీరిద్దరూ 1991, 1992 అని వాదించుకుంటున్నారు. నాకు 2008 కంటే పెద్దది కనపడటం లేదు. సెప్టెంబర్ 19, అరేనా మెహికో నడిపే రెజ్లింగ్ కంపెనీ 75వ వార్షికోత్సవం. ముందురోజే ఆయనకి 48 నిండాయి. ప్రత్యర్థి వియానో క్వింతో, అంటే ఐదో వియానో, పేరున్న రే మెందోసా కొడుకు. ఫాల్స్ ఒకటి రెండుగా పాంథర్ ఓడిపోయాడు. మాస్క్ తీసి, తన పేరు హెనారో వాస్కెస్ నెవారెస్ అని చెప్పాడు. ఏళ్ళ తరబడి రూడోగా జనాన్ని కవ్వించిన మనిషి కోసం ఆ రోజు జనం ఏడ్చారు. మొత్తం కెరీర్‌కి వడ్డీతో సహా ఆ రాత్రి ముట్టింది.

---

మాస్క్_మనిషి

రాధిక గారూ, మీరు రాసినది చదివి నాకూ మనసు బరువెక్కింది. కానీ 2008ని నేను ఎప్పటికీ ఒప్పుకోలేను. అది మ్యాచ్ తప్పు కాదు, నిర్ణయం తప్పు. పాంథర్ మాస్క్ ఎవరికి ఇచ్చారు? వియానో క్వింతోకి. ఆరు నెలలు తిరిగేసరికి, 2009 మార్చిలో, ఆయన తన మాస్క్‌ని ఉల్తిమో గెర్రెరోకి ఓడిపోయాడు. అంటే పాంథర్ ముప్ఫై ఏళ్ళ మాస్క్ ఇంకొకరి పందెం విలువ పెంచడానికి మెట్టుగా పనికొచ్చింది. ఆ మాస్క్ తీసుకున్నవాడు దాని బరువుతో పదేళ్ళు నిలబడి ఉంటే నేనూ సరే అనేవాణ్ణి.

ఇదే కారణంతో 1992 నాకు పైన ఉంది. ఆ మాస్క్ ఎవరికీ మెట్టు కాలేదు.

---

పహిల్వాన్_మనవడు

తర్వాత ఏం చేశారన్నది మ్యాచ్ ఖాతాలో ఎలా రాస్తాం అన్నా? ఆ రాత్రి రింగ్‌లో ఉన్న ఇద్దరికీ మార్చి గురించి పట్టింపు లేదు. పెళ్ళి బాగా జరిగిందా అని అడిగితే ఆరు నెలల తర్వాత గొడవపడ్డారని చెప్పినట్టుంది.

---

మాస్క్_మనిషి

అయితే 1992 మ్యాచ్‌కి ఆర్ట్ బార్ మరణం కలపకూడదని లగూనా_ముడి అన్నకి కూడా చెప్పు. ఆ బాధ లేకుండానే నాకు ఆ మ్యాచ్ మొదటిది.

---

లగూనా_ముడి

ఆ మాట న్యాయమే. వెనక్కి తీసుకుంటున్నాను. 1992ని 1992 లాగే చూడాలి.

అలా చూసినా నా అభిప్రాయం మారలేదు. ఎందుకో చెప్పాలంటే 2024కి రావాలి. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అదే ఆశ్చర్యం.

2024 ఏప్రిల్‌లో అరేనా మెహికోలో బ్రయాన్ డేనియెల్సన్‌తో పాంథర్ ఆడాడు. డేనియెల్సన్‌కి 42, పాంథర్‌కి 63. మాస్క్ పోయి పదహారో ఏడు. పందెం లేదు, టైటిల్ లేదు, పాత పగ లేదు. డేనియెల్సన్ ప్రపంచమంతా తిరిగి పట్లు నేర్చుకున్న మనిషి. అలాంటివాడు మెక్సికో వచ్చి, ఎగిరే కుర్రాళ్ళు ఇంతమంది ఉండగా ఈ ముసలాయనతో ఆడాడు. ఎందుకు ఆడాడన్నది మ్యాచ్ చూస్తే తెలుస్తుంది.

నేను దాన్ని మూడుసార్లు చూశాను. మూడోసారి శబ్దం తీసేసి చూశాను. పాంథర్ ఒంట్లో ఇప్పుడు వేగం లేదు. లేచేటప్పుడు ఒక మోకాలు ముందు పెట్టి లేస్తాడు, మా నాన్న పూజ దగ్గర నుంచి లేచినట్టు. కానీ నేల మీద ఉన్నంతసేపు ఆయనకి వయసు లేదు. పహిల్వాన్_మనవడు రాసిన తుంటి మాట ఇక్కడ ఇంకా బాగా కనిపిస్తుంది. వేగం పోయింది కాబట్టి ఆయన ముందుగానే అక్కడికి వెళ్ళి కూర్చుంటున్నాడు. డేనియెల్సన్ చెయ్యి రావాల్సిన చోట పాంథర్ చెయ్యి అప్పటికే ఉంది. గెలిచింది డేనియెల్సనే. గెలవాలి కూడా, ఆ వయసు తేడాకి ఇంకోలా ముగిస్తే ఎవరూ నమ్మరు.

నా వాదన దీని మీదే నిలబడుతుంది. 1991లో ఆయన దగ్గర ఏం ఉందో 2024లోనూ అదే ఉంది. మధ్యలో మాస్క్ వచ్చింది, పోయింది. రూడో టెక్నికో అయ్యాడు. కంపెనీలు మారాడు, ట్రిపుల్ ఏకి వెళ్ళి తిరిగి వచ్చాడు. కొడుకులు ఇద్దరు అదే రింగ్‌లోకి వచ్చారు. ఇన్ని మారినా మారనిది ఏదో, ఆయన గొప్ప మ్యాచ్ అందులోంచే రావాలి.

రాధిక గారూ, మీతో మాత్రం సగం ఏకీభవిస్తున్నాను. 2008ని నేను అడుగున పెట్టడం తప్పు. దాన్ని మూడోదిగా పెడుతున్నాను, 1992 కంటే పైన. ఆ రాత్రి కథ పూర్తిగా పాంథర్‌దే. నేను 1992కి పెట్టిన కొలతనే దీనికీ పెడితే ఇది పైకి రావాలి. మీరు రాశాకే నాకు ఆ సంగతి తట్టింది.

---

రాజమండ్రి_రవి

నేను ఏది ముందు చూడాలి?

---

పహిల్వాన్_మనవడు

1992 ముందు చూడు రవీ. నా ఓటు 1991కే అయినా చెప్తున్నా. పట్లు అర్థం కావాలంటే ముందు మనుషుల మీద ఇష్టం పుట్టాలి. ఆ తర్వాత 1991, ఆపి ఆపి చూడు. ఒక్కో పట్టు దగ్గర ఆపి, ఇప్పుడు కిందున్నవాడు ఎటు తిరుగుతాడో నువ్వే ఊహించు. పది సార్లలో ఏడు సార్లు తప్పుతావు, నేనూ తప్పాను.

---

రాధిక_డాలస్

నిన్న రాత్రి మావాడికి రెండూ చూపించాను. తొమ్మిదేళ్ళవాడు. ఆ నీలం మాస్క్ పెట్టుకుని కూర్చున్నాడు.

1991 చూస్తూ మొదట కదిలాడు, అటూ ఇటూ చూశాడు. కాసేపటికి కార్పెట్ మీద వాళ్ళ నాన్న మణికట్టు పట్టుకుని అలాగే తిప్పడానికి ప్రయత్నించాడు. రాలేదు. మళ్ళీ వెనక్కి పెట్టమన్నాడు, మూడుసార్లు. మా ఆయన భుజం పొద్దున్నకి కూడా నొప్పే.

1992 చూశాక మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, కిందపడ్డ అంకుల్ కదా గెలిచింది, మరి ఆయన ఎందుకు సంతోషంగా లేడు?" అని అడిగాడు. మార్తినేతే ఎందుకు వెయ్యకూడదో చెప్పాను. మెడ చూపించి చెప్పాను. పడుకునే ముందు ఇంకో ప్రశ్న: "మాస్క్ తీసినాయనకి ఎవరైనా కొత్తది కొనిచ్చారా?"

దానికి నా దగ్గర జవాబు లేక లైటు తీసేశాను. వాడి ఓటు ఏదని పొద్దున్న అడిగితే 1992 అన్నాడు.

---

లగూనా_ముడి

లెక్కలో వేశాను. 1991కి రెండు, 1992కి రెండు, 2008కి ఒకటి. రవీ, నువ్వు చూశాక వచ్చి చెప్పు.